ఫ్లీస్ పబ్బు గోడా, ఎనక్ మోకూ

ఆ సోమవారం పొద్దున ఎనక్ సట్‌క్లిఫ్ గడ్డం గీసుకుంటూ పైపెదవి ఎత్తి అద్దంలో చిగుళ్ళు చూసుకున్నాడు. పళ్ళ మొదట్లో సన్నటి నీలిగీత అలాగే ఉంది. పోయిన క్రిస్మస్‌కి మొదటిసారి కనబడ్డప్పుడు బొగ్గు మసి అనుకుని ఉప్పేసి తోమాడు. చిగుళ్ళు మండాయి గాని గీత చెక్కుచెదరలేదు. ఆ రోజు నుంచి ఎనక్ నోరారా నవ్వడం మానేశాడు. అంతకు ముందు మాత్రం పెద్ద నవ్వేవాడా అంటే మా థార్న్‌బెక్‌లో ఎవరూ అవునని చెప్పరు. అందుకే ఆ మార్పు ఎవరి కంటా పడలేదు.

సీసంతో చేసిన తెల్లరంగు సఫేదాతో గోడల మీద అక్షరాలు రాసేవాళ్ళకి ఆ గీత ఏమిటో ఒకరు చెప్పక్కర్లేదు. ఆ రంగు ఇటుకలోకి ఎంత దిగుతుందో మనిషి ఒంట్లోకీ అంతే దిగుతుంది. ముందు కడుపునొప్పి, తర్వాత చిగుళ్ళ మీద గీత, ఆ తర్వాత మణికట్టు పడిపోవడం. రోజూ పాలు తాగితే సీసం అంటదని పాతవాళ్ళు చెబుతారు. ఎనక్ ముప్పై ఏళ్ళుగా దూడకి పోటీగా పాలు తాగాడు, అయినా మూడూ వరసగా వచ్చాయి. మార్చి వచ్చేసరికి కుడిచెయ్యి చాపితే మణికట్టు దగ్గర వాడిన కాడలా కిందికి వాలిపోవడం మొదలైంది. భార్య హెటీ గౌను లోపల బిగించుకునే పాత నడుంపట్టీ ఒకటి బీరువా అడుగున పడి ఉంటే, అందులోంచి ఉక్కు బద్ద ఊడబీకి, చొక్కా చేతి లోపల మణికట్టుకి గుడ్డపీలికతో కట్టుకోసాగాడు. పని మేస్త్రీ క్రాబ్‌ట్రీకి ఈ సంగతి తెలిస్తే ఎనక్ గోడకి వేలాడే బల్ల దిగిపోవాలి. బల్ల దిగిన ఎనక్ అనే మనిషి ఎలా ఉంటాడో అతనికే తెలియదు.

"గుండీలు పెట్టనా?" అంది హెటీ వంటింట్లోంచి వస్తూ.

"నాకు చేతుల్లేవా?"

"ఉన్నాయి మహానుభావా. గుండీలే ఇంకా ఊడి ఉన్నాయి."

ఎనక్ మెడ ఎత్తి నిలబడ్డాడు. ఆవిడ గుండీలన్నీ పెట్టింది, కుడి మణికట్టు దగ్గర గట్టిగా ఏదో తగిలినా తగలనట్టే ఊరుకుంది.

"మా అన్నయ్యని అడిగానని చెప్పు."

"చెప్పను. తొమ్మిదేళ్ళుగా చెప్పలేదు, ఇవాళ కొత్తగా చెబుతానా?" అని టోపీ పెట్టుకుని బయటపడ్డాడు.

హెటీ అన్న పేరు ఇర్విన్ గ్రీన్‌వుడ్. అతనూ ఎనకూ స్కోల్‌ఫీల్డ్ బీరు కంపెనీ తరఫున పబ్బుల గోడల మీద అక్షరాలు రాస్తారు. పొగగొట్టం దిమ్మ నుంచి రెండు మోకులు కిందికి వదిలి, వాటికి ఒక పొడుగాటి బల్ల వేలాడదీసి, చెరో కొసనా నిలబడి రాయడం పని. ఎడమ సగం ఇర్విన్‌ది, కుడి సగం ఎనక్‌ది. ఒక మోకు జారితే కింద పడేది ఒక్కరు కాదు, ఇద్దరూ. ఇన్నేళ్ళుగా ఆ బల్ల మీద ఒకరి బరువు ఒకరికి తెలుసు, ఒకరి ఊపిరి ఒకరికి తెలుసు. మాటలు మాత్రం లేవు.

ఈ పనివాళ్ళకి రెండు కట్టుబాట్లున్నాయి. పక్కవాడి అక్షరం ముట్టకూడదు. పక్కవాడి ముడి ముట్టకూడదు. ఎవడి మోకు వాడే కట్టుకుంటాడు, సాయంత్రం వాడే విప్పుకుంటాడు. నీ ముడి సరిగ్గా ఉందా అని అడగడం కూడా తప్పే, అది మగవాడి పంట్లాం బొత్తాలు సరిచూసినట్టు లెక్క. తొమ్మిదేళ్ళ కిందట బే హార్స్ పబ్బు గోడ మీద మొదటి కట్టుబాటు తప్పింది ఎనకే. ఇర్విన్ ఎడమచేతివాటం మనిషి, అతని అక్షరాలు కాస్త ఒరుగుతాయి. ఇర్విన్ మధ్యాహ్నం తిండికి దిగినప్పుడు ఎనక్ అతని కొసకి వెళ్ళి, ఒరిగిన అక్షరం తోక దిద్దేశాడు. దిద్దినవాడు దిద్ది ఊరుకోవచ్చు కదా. పబ్బు ముందున్న తాగుబోతులందరూ వినేలా "ఇప్పుడు అక్షరంలా ఉంది" అన్నాడు. అందరూ పడీ పడీ నవ్వారు. ఇర్విన్ చేతిలో రొట్టె కాగితంలో మళ్ళీ చుట్టేసుకున్నాడు. ఆ రోజు నుంచి ఎనక్‌తో ఒక్క మాట లేదు. చెల్లెలి ఇంట ఆదివారం భోజనానికి రావడం కూడా మానేశాడు. అంత చిన్న తోకకి ఇంత పెద్ద పంతమా అని మా ఊరు నవ్వుకుంది గాని, ఆ తోక ఇర్విన్‌ది, నవ్విన ఊరిది కాదు.

బల్ల పైకీ కిందికీ జరపాలంటే కుంచె పిడితో దానిమీద కొట్టి చెప్పుకునేవారు. తక్కినవన్నీ మూడో మనిషి ద్వారానే.

ఫ్లీస్ పబ్బు దగ్గర ఆ మూడో మనిషి యజమానురాలు ఫ్లోరీ. లావుపాటి మనిషి, అంతకంటే లావుపాటి గొంతు. సోమవారం ఎనక్ వచ్చేసరికి ఇర్విన్ అప్పటికే గోడకి నిచ్చెన వేసి ఉన్నాడు.

"ఫ్లోరీ, బకెట్లు నింపాడో లేదో కనుక్కో ఆయన్ని," అన్నాడు ఎనక్, అడుగు దూరంలో ఉన్న ఇర్విన్ భుజం మీంచి చూస్తూ.

"ఇర్విన్, బకెట్లు నింపావా అని అడుగుతున్నాడయ్యా నీ బావగారు." ఇర్విన్ తలూపాడు. "నింపాడట ఎనక్, కళ్ళుంటే కనిపిస్తాయట. ఆ రెండోది నా సొంతం. మీ ఇద్దరికీ మాటలు మోసినందుకు కంపెనీ నాకేమైనా ఇస్తుందేమో క్రాబ్‌ట్రీని అడగాలి."

క్రాబ్‌ట్రీ బుధవారం మధ్యాహ్నం వచ్చి చూస్తానన్నాడు. గోడ అప్పటికి పూర్తవ్వాలి.

గోడ మీద కొత్తగా రాయాల్సిందేమీ లేదు. యుద్ధానికి ముందు, కుర్రతనంలో, ఎనకే రాసిన అక్షరాలు అవి. పైన కంపెనీ పేరు, కింద మనిషెత్తున 'ఏల్స్', అంటే బీర్లు, అని. ఇన్నేళ్ళ మిల్లుల పొగకీ వానలకీ అవి వెలిసిపోయాయి. ఎండపూట చూస్తే నల్లటి ఇటుక తప్ప ఏమీ కనబడదు. కానీ మా ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతి ఒకటుంది, వాన పడితే పాత పబ్బుల గోడల మీద పోయిన పేర్లన్నీ తిరిగి వస్తాయి. ఇటుక తడిసి నల్లబడుతుంది, లోపలికి దిగిన సీసం తడవదు, అక్షరం తేలుతుంది. అందుకే పాత గోడని మళ్ళీ రాసేటప్పుడు బకెట్లతో నీళ్ళు కొట్టి, అది ఆరేలోపు సుద్దతో అంచులు గీసుకుంటారు. ఆరాక ఆ గీతల్లో రంగు నింపుతారు.

ఇద్దరూ బల్ల మీద నిలబడి నీళ్ళు కొట్టారు. నల్లటి గోడలోంచి అక్షరాలు ఒక్కొక్కటే పైకి వచ్చాయి. ఎనక్ తన పాత అక్షరాల ముందు నిలబడి చూశాడు. ఎంత ధీమాగా తిరిగాయో ఆ వంపులు! ఎక్కడా కుంచె ఆగిన గుర్తు లేదు. ఇరవై ఏడేళ్ళ కుర్రాడు ఈల వేసుకుంటూ రాసినవి అవి. ఆ కుర్రాడి మీద ఎనక్‌కి అసూయ పుట్టింది, సిగ్గుపడకుండా చెప్పాలంటే కోపం కూడా వచ్చింది. సుద్దముక్క పిడికిట్లో బిగించి, పిల్లలు గీసినట్టు భుజంతో గీస్తూ వెళ్ళాడు. గోడ ఆరిపోతూ ఉంటే అక్షరాలు వెనక్కి వెళ్ళిపోతున్నాయి. ఇర్విన్ తన కొసన తన పని తాను చేసుకుంటున్నాడు. ఒకసారి మాత్రం ఇటు తిరిగి ఎనక్ చేతి వంక చూశాడు, వెంటనే తల తిప్పేసుకున్నాడు.

చూశాడా? చూస్తే ఎంత చూశాడు? ఎనక్‌కి ఆ పూటంతా అదే పురుగు.

ఆ సాయంత్రం మోకు విప్పడానికి పైకప్పు ఎక్కినప్పుడు అసలు సంగతి కంటపడింది. ఇన్నాళ్ళూ మసక వెలుతురులో తడుముకుని విప్పేసేవాడు, ఆ పూట ఇర్విన్ చూపు గుర్తొచ్చి పరీక్షగా చూశాడు. పొగగొట్టం దిమ్మ చుట్టూ ఉన్న ముడి తనది కాదు. ఎనక్ కుడిచేతివాడు, అతని ముడిలో కొస కుడివైపు పడుతుంది. ఇందులో ఎడమవైపు పడింది. తన ముడినే అద్దంలో చూసినట్టుంది. మా ఊళ్ళో ఎడమచేతి ముడి వేసేవాడు ఒక్కడే.

ఎనక్ పెంకుల మీదే కూర్చుండిపోయాడు. నా ముడి విప్పాడు. విప్పి, మళ్ళీ కట్టాడు. ఎందుకు? తొమ్మిదేళ్ళు మనసులో పెట్టుకున్న మనిషి ఎందుకు విప్పుతాడు? కానీ బల్ల పడితే వాడూ పడతాడు కదా. పడడు, ఎడమ కొసన గోడకి ఇనుప కొక్కెం ఉంది, ముందే తెలిసినవాడైతే పట్టుకుంటాడు. ఛీ, హెటీ అన్న అలాంటి పని చేస్తాడా? చెయ్యకపోతే విప్పడం దేనికి?

ఆ రాత్రి హెటీ పెట్టిన మటన్ పళ్ళెం పక్కకి తోసేశాడు.

"ఏమైంది?" అంది ఆవిడ.

"మీ అన్న మంచివాడేనా?"

హెటీ గరిటె పక్కన పెట్టి అతని వంక చూసింది. "తొమ్మిదేళ్ళ తర్వాత గుర్తొచ్చిందా అడగాలని? నాకంటే నీకే ఎక్కువ తెలియాలి. నాతో కంటే నీతోనే ఎక్కువసేపు ఉన్నాడు."

మంగళవారం ఎనక్ ముడి వేసి, కనిపించీ కనిపించనట్టు దాని మీద తెల్లరంగు చుక్క పెట్టాడు. పొద్దున రంగు కలపడం ఎనక్ పని, అందుకని ఎప్పుడూ ముందు దిగేది అతనే. ఇర్విన్ పైపు కాల్చుకుని దిగుతానన్నట్టు పైనే ఉండిపోయేవాడు. ఏళ్ళ తరబడి ఉన్న అలవాటు కాదది. ఎప్పటి నుంచి మొదలైందో గుర్తు తెచ్చుకుందామంటే ఎనక్‌కి గుర్తు రాలేదు. ఈమధ్య చాలా సంగతులు అలాగే జారిపోతున్నాయి.

ఆ రోజంతా బల్ల మీద ఎనక్‌కి నరకం కనబడింది. మోకు కిర్రుమంటే బల్ల అంచు పట్టుకునేవాడు. ఇర్విన్ జేబులో చెయ్యి పెడితే చాకు తీస్తాడేమోనని చూసేవాడు, అతను తీసేది చేతిరుమాలు. కింద నాపరాళ్ళ వీధి. బీరు పీపాలు దింపుతున్న బండి, తలెత్తి చూస్తున్న ఫ్లోరీ, చిన్నగా. రాసేటప్పుడు గోడకి ఆనించే ఊతకర్ర మీద మణికట్టు పెట్టి, లోపల ఉక్కు బద్ద చర్మం కొరుకుతూ ఉంటే, బలం కూడదీసుకుని ఒక్కో అంచూ రాశాడు. ఒకచోట కుంచె గీత దాటింది. తుడిచి మళ్ళీ వేశాడు. ఇర్విన్ దగ్గాడు. ఆ దగ్గు కూడా ఎనక్‌కి వెక్కిరింతలాగే వినబడింది.

సాయంత్రం పైకెళ్ళి చూస్తే తెల్లచుక్క చెదిరి మోకు పొడుగునా మరకైంది. ముడి మళ్ళీ ఎడమచేతిది.

చెబుదామంటే ఎవరికి చెప్పాలి? క్రాబ్‌ట్రీకి చెబితే ఇద్దర్నీ నిలబెట్టి అడుగుతాడు. అడిగితే ఇర్విన్ ఎనక్ చెయ్యి చూపిస్తాడు. హెటీకి చెబితే అన్నో మొగుడో తేల్చుకోమన్నట్టవుతుంది. ఎనక్ నోరు కట్టుకుని ఆ రాత్రంతా కప్పు చూస్తూ పడుకున్నాడు.

బుధవారం పొద్దున మబ్బు పట్టి ఉంది. ఎనక్ దిమ్మ చుట్టూ మోకు తిప్పి, తనకి చేతనైనంత గట్టిగా ముడి బిగించాడు. నిచ్చెన మీద సగం దాకా చప్పుడు చేస్తూ దిగాడు. అక్కడ ఆగి, బూట్లు విప్పి నిచ్చెన మెట్టుకి తగిలించి, మేజోళ్ళతో మళ్ళీ పైకి వచ్చి, కప్పు అంచు మీంచి తల మాత్రం ఎత్తి చూశాడు.

ఇర్విన్ పైపు వెలిగించలేదు. నేరుగా ఎనక్ ముడి దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. చాకు తియ్యలేదు, బలంగా పీకనూ లేదు. ఎడమచేతి చూపుడువేలు ముడి కింద దూర్చి కాస్త ఎత్తాడు. ముడి మొత్తం ఊడి, పెంకుల మీద పడింది.

అంతే. ఒక్క వేలు.

ఎనక్ కప్పు మీదికి వచ్చేశాడు. "చెయ్యి తియ్యి నా ముడి మీంచి!"

తొమ్మిదేళ్ళలో ఇద్దరి మధ్య మొదటి మాట అది. ఇర్విన్ ఉలిక్కిపడ్డాడు గాని చెయ్యి తియ్యలేదు. పెంకుల మీద పడి ఉన్న మోకు కొస తీసి ఎనక్ వైపు పట్టుకున్నాడు.

"ఏ ముడి?" అన్నాడు.

ఎనక్ మోకు లాక్కున్నాడు. దిమ్మ చుట్టూ తిప్పాడు, ఎప్పుడూ తిప్పినట్టే. కొస లోపలికి దూర్చాడు. కళ్ళు మూసుకుని కట్టగలిగే ముడి అది, పద్నాలుగో ఏట నేర్చుకున్నది. బొటనవేలితో నొక్కి బిగించాలి. నొక్కాననే అనుకున్నాడు. వేలు మోకు మీద ఉంది, కానీ అందులో బలం లేదు. ఇర్విన్ మళ్ళీ వేలు పెట్టి ఎత్తాడు. మళ్ళీ ఊడింది.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాడు ఎనక్.

"మార్చి నుంచి. బ్లూ బెల్ గోడ దగ్గర మొదలైంది."

"మార్చి నుంచా! ఒక్క మాట చెప్పొచ్చు కదరా!"

"నీతో నేను మాట్లాడట్లేదు కదా."

"నా ప్రాణం పోతున్నా మాట్లాడవా?"

"పోనిచ్చానా?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇర్విన్ కూడా ముసలివాడైపోయాడని, కనుబొమలు తెల్లబడ్డాయని ఎనక్ అప్పుడే గమనించాడు. ఇన్నేళ్ళూ పక్కనుంచి తప్ప ఎదురుగా చూసింది లేదు.

"నీ కోసం చేశాననుకుని ఉబ్బిపోకు," అన్నాడు ఇర్విన్ మోకు దిమ్మ చుట్టూ తిప్పుతూ. "ఆ బల్ల రెండో కొసన నేనూ నిలబడతాను."

ఆ మాట ఎనక్‌కి మేకులా దిగింది. రెండు రోజులుగా వీడు నన్ను చంపుతాడేమోనని వణికాడు. మార్చి నుంచి వీణ్ణి చావు మీద నిలబెట్టింది తను. నా పని పోతుందని, నా పేరు పోతుందని, పనికిరాని చెయ్యి చొక్కాలో దాచుకుని, ఊడిపోయే ముడికి ఇద్దర్నీ వేలాడదీశాడు. సిగ్గుతో ఎనక్ చెవులు మండాయి.

"క్రాబ్‌ట్రీకి చెబుతావా?"

"నా నోటితో చెప్పను."

నీ నోటితోనే చెప్పాలి అని దానర్థం. ఎనక్‌కి అర్థమైంది, అర్థం కానట్టు ఊరుకున్నాడు.

"ఇవాళ ఒక్కరోజు ఇర్విన్. ఒక్క అక్షరమే ఉంది. ఆఖరి ఎస్."

ఇర్విన్ ముడి బిగించి, బూటు కాలితో తన్ని చూశాడు. "కట్టేశాను. పద, బూట్లు వేసుకో. మేజోళ్ళతో బల్ల ఎక్కితే ఫ్లోరీ ఊరంతా చెబుతుంది."

అక్షరాలన్నిట్లోనూ ఎస్ అంత పొగరుబోతు అక్షరం లేదు. నిలువు లేదు, అడ్డం లేదు, ఆనుకోవడానికి ఏమీ ఉండదు. మొత్తం మణికట్టులోంచి తిరగాలి. ఎనక్ పై వంపు భుజంతో ఎలాగో లాక్కొచ్చాడు. మధ్యలో నడుము దగ్గర తిప్పుతుండగా చొక్కాలో గుడ్డపీలిక తెగింది. ఉక్కు బద్ద చేతి లోంచి జారి, బల్ల అంచుకి తగిలి, కింద నాపరాళ్ళ మీద ఖంగుమంది. మణికట్టు వాలిపోయింది. కుంచె వేళ్ళ మధ్య వేలాడుతోంది, రంగు చుక్కలుగా కిందికి కారుతోంది.

కింద ఫ్లోరీ వంగి దాన్ని తీసింది. అదేమిటో ఆడమనిషికి వేరే చెప్పాలా? తలెత్తి చూసి, నోరున్న మనిషి నోరెత్తకుండా, దాన్ని ఏప్రను కింద దాచుకుంది. అప్పుడే వీధి మలుపులో క్రాబ్‌ట్రీ కారు చప్పుడు వినబడింది.

"నువ్వు వెయ్యి," అన్నాడు ఎనక్ కుంచె చాపుతూ. "తొందరగా. వచ్చేస్తున్నాడు."

"నీ అక్షరం నేను ముట్టను."

"ఇర్విన్, నేనే ముట్టమంటున్నాను!"

"నేను ముట్టనంటున్నాను."

పంతం పంతమే, గాలిలో వేలాడుతున్నా సరే. కానీ ఆ మాటంటూనే ఇర్విన్ తన కొస వదిలి బల్ల మీద నడిచి రాసాగాడు. ఇద్దరూ ఒకే కొసన నిలబడడం ఈ పనిలో ఎవరూ చెయ్యరు. బల్ల ఎనక్ వైపు ఒరిగింది, ఖాళీ కొస పైకి లేచింది, రంగు డబ్బా ఒకటి జారి అంచు పట్టీకి కొట్టుకుని ఆగింది. మోకు గట్టిగా మూలిగింది. ఇద్దరి బరువూ ఇప్పుడు ఆ ఒక్క ముడి మీదే. ముడి నిలిచింది.

ఇర్విన్ వెనకనుంచి ఎడమచెయ్యి చాపి, వాలిన ఆ మణికట్టుని కింద నుంచి పట్టుకుని ఎత్తాడు.

"నువ్వు కుంచె చూసుకో. బరువు నేను చూసుకుంటా."

ఎనక్ కుంచె గోడకి ఆనించాడు. భుజం తనది, చూపు తనది, మణికట్టు మాత్రం పరాయివాడి గుప్పిట్లో. మొదట ఇద్దరూ చెరోవైపు లాగారు. "అటు కాదు, లోపలికి," అన్నాడు ఎనక్. "లోపలికే పోతున్నా, నువ్వు తొందరపడకు." "ఇప్పుడు తిప్పు. మెల్లగా. ఇంకా మెల్లగా. ఊపిరి పీల్చకురా, మెడ మీద తగులుతోంది." "పీల్చకపోతే చస్తాను." నడుము తిరిగింది. కింది వంపు తిరిగింది. కుంచె ఎక్కడా ఆగలేదు. తోక దగ్గరికి వచ్చేసరికి ఇద్దరూ చెమటతో తడిసిపోయారు. తోక కొసన కుంచె ఎత్తగానే ఇర్విన్ మణికట్టు వదిలి, ఒక్కొక్క అడుగే వేస్తూ తన కొసకి వెళ్ళిపోయాడు. బల్ల సమానంగా కుదురుకుంది.

వాళ్ళు దిగేసరికి క్రాబ్‌ట్రీ కారు పక్కన నిలబడి గోడకేసి చూస్తున్నాడు. పొట్టి మనిషి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి చూసే అలవాటు. ఏం చూశాడో ఏం చూడలేదో మొహంలో తెలియలేదు. ఎనక్ కుడిచెయ్యి కోటు జేబులో పెట్టుకున్నాడు.

"శుభ్రంగా ఉంది," అన్నాడు క్రాబ్‌ట్రీ. "ఆ ఎస్ బాగా కుదిరింది. ఎవరిది?"

"ఆయనదే," అన్నాడు ఇర్విన్.

"చెయ్యి తిరిగినవాడివయ్యా ఎనక్. సరే, సోమవారం క్రాస్ కీస్ పబ్బు గోడ. దీనికంటే ఎత్తు. గాలి కూడా ఎక్కువ అక్కడ. జాగ్రత్తగా చేస్తారనుకో."

ఇక తలూపితే చాలు. సోమవారం మళ్ళీ బల్ల, మళ్ళీ చొక్కాలో ఉక్కు, మళ్ళీ పొద్దున్నే ఇర్విన్ వేలు. ఇర్విన్ ఏమీ అనడని ఎనక్‌కి తెలుసు. ఫ్లోరీ ఏమీ అనదని కూడా ఇప్పుడు తెలుసు. ఇర్విన్ అటు తిరిగి, కుంచెలు టర్పెంటైన్‌లో ముంచుతున్నాడు. అతని వీపు ఎనక్ కంటికి ఎదురుగా ఉంది. క్రాస్ కీస్ గోడ మీద గాలికి ఊగే బల్ల రెండో కొసన నిలబడబోయేది ఆ వీపే.

"ఫ్లోరీ," అన్నాడు ఎనక్. "అదిలా ఇవ్వు."

"ఏది?" అంది ఫ్లోరీ అమాయకంగా.

"ఇవ్వు తల్లీ."

ఫ్లోరీ ఇష్టం లేకుండానే ఏప్రను కింద నుంచి ఉక్కు బద్ద తీసి ఇచ్చింది. ఎనక్ దాన్ని ఎడమచేత్తో పుచ్చుకుని, జేబులోంచి కుడిచెయ్యి తీసి, క్రాబ్‌ట్రీ ముందు చాపాడు. మణికట్టు వాలిపోయింది. ఆ పైన, క్రిస్మస్ తర్వాత మొదటిసారి, పెదవి ఎత్తి చిగుళ్ళు చూపించాడు.

"నేను రాను. మార్చి నుంచే రాకుండా ఉండాల్సింది," అన్నాడు. "ఈయన్ని అడక్కండి, ఈయనకేం తెలీదు."

క్రాబ్‌ట్రీ కళ్ళజోడు దించుకుని ఆ చేతిని చూశాడు. అతనూ ఒకప్పుడు బల్ల ఎక్కినవాడే. తిట్టలేదు, జాలి మాటలూ చెప్పలేదు.

"డాక్టరు దగ్గరికి రేపే వెళ్ళు. సోమవారం నుంచి రావద్దు ఎనక్," అని కారెక్కి వెళ్ళిపోయాడు.

ఫ్లోరీ ముక్కు చీదుకుంటూ లోపలికి పోయింది. వీధిలో ఇద్దరే మిగిలారు.

"హెటీకి నేను చెప్పనా?" అన్నాడు ఇర్విన్.

"దానికి తెలుసు. నడుంపట్టీ దానిదే కదా."

ఇర్విన్ కుంచెలు తుడిచి పెట్టెలో సర్దాడు, ఎనక్‌వి కూడా. చినుకులు మొదలయ్యాయి. రోజు పని అయిపోయింది, మోకులు దించుకోవాలి. ఎనక్ అలవాటుగా నిచ్చెన దాకా నడిచి, మెట్టు మీద కాలు పెట్టి, ఆగిపోయాడు. కాలు తీసేసి పక్కకి జరిగాడు.

"నాది కూడా నువ్వే విప్పు ఇర్విన్. కట్టింది నువ్వే కదా, నీ ముడి నేను ముట్టకూడదు."

ఇర్విన్ ఎక్కసాగాడు. మెట్లు తడిసి ఉన్నాయి, నిచ్చెన కాస్త ఊగింది. ఎనక్ దాని కింద నిలబడి, భుజం ఆనించి పట్టుకున్నాడు.